సిటీని ఓడించినోళ్లు బోర్న్‌మత్ చేతిలో మూడు గోల్స్ ఎట్ల తిన్నరు? కొత్త మేనేజర్, నిలకడలేని ఫామ్ వెనుక లెక్క

2024 డిసెంబర్ 15, ఆదివారం. మన టైం ప్రకారం రాత్రి 10 గంటలకు మొదలైన ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో 87వ నిమిషం దాకా, కొత్త మేనేజర్ (హెడ్ కోచ్) రూబెన్ అమోరిమ్ చేతిలో ఉన్న మాంచెస్టర్ యునైటెడ్ 0-1తో వెనకబడే ఉంది. 88లో బ్రూనో ఫెర్నాండెస్ పెనాల్టీ, 90లో అమాద్ డియాలో గోల్. అదే ఊరి ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించారు. సరిగ్గా వారానికి సొంత మైదానంలో బోర్న్‌మత్ చేతిలో 0-3. ఆ తర్వాత వుల్వ్స్ చేతిలో 0-2, న్యూకాజిల్ చేతిలో 0-2. అంతటితో పని అయిపోయిందనుకుంటే, జనవరి 5న లివర్‌పూల్ ఇంటికెళ్లి 2-2తో డ్రా చేసుకొచ్చారు.

హన్మకొండ నయీంనగర్ హాస్టళ్లలో, నిట్ క్యాంపస్‌లో, గోదావరిఖని కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడు నడిచిన వాదన ఏ క్లబ్‌కు కొత్త మేనేజర్ వచ్చినా మళ్లీ మొదలవుతుంది. "వచ్చి నెల కాలే, టైమియ్యాలె కదా" అని ఒకరు. "సిటీ మీద ఆడొస్తది గానీ వుల్వ్స్ మీద రాదా? టీం మొత్తం ఆగమైంది" అని ఇంకొకరు. వినడానికి ఎదురెదురు వాదనలే. చాలాసార్లు మాత్రం ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతుంటారు.

ఫామ్ పేరుతో మూడు వేర్వేరు సంగతులు

మొదటిది ఫలితం: గెలుపు, డ్రా, ఓటమి. పాయింట్ల పట్టికలో కనిపించేది ఇదే. రెండోది ఆటతీరు: ఎన్ని మంచి అవకాశాలు సృష్టించారు, ఎదుటివాళ్లకు ఎన్ని ఇచ్చారు. మూడోది దిశ: మేనేజర్ చెప్పింది ఆటగాళ్ల కాళ్లలోకి దిగుతోందా, చేసిన తప్పే మళ్లీ చేస్తున్నారా. "టైమివ్వాలి" అనేవాళ్లు సాధారణంగా మూడోదాని గురించి మాట్లాడతారు, "చాలు" అనేవాళ్లు మొదటిదాని గురించి. రెండోది మధ్యలో ఎవరికీ పట్టకుండా పోతుంది.

ఐదు మ్యాచ్‌లు ఎంత చెబుతాయి, ఇరవై ఏడు ఎంత చెబుతాయి

టీవీలో, యాప్‌లలో "ఫామ్" అంటే చివరి ఐదు మ్యాచ్‌లు. ఆ ఐదు ఎంత నమ్మదగినవో ఒక లెక్క వేసి చూద్దాం.

ఒక జట్టు సగటున ఏ మ్యాచ్‌లోనైనా గెలిచే అవకాశం 45 శాతం, డ్రా 25, ఓటమి 30 అనుకుందాం. గెలుపుకు 3, డ్రాకు 1. కాబట్టి మ్యాచ్‌కు 0.45×3 + 0.25×1 = 1.6 పాయింట్లు. 38 మ్యాచ్‌లకు దాదాపు 61. ఇది ఊహలోంచి తీసిన జట్టేమీ కాదు. 2023-24లో యునైటెడ్ సరిగ్గా 60 పాయింట్లతో 8వ స్థానంలో నిలిచింది.

ఈ జట్టు బలం సీజన్ అంతా ఏమీ మారలేదనుకోండి. ఐదు మ్యాచ్‌లకు సగటు 8 పాయింట్లు. అయితే కేవలం అదృష్టం అటూ ఇటూ అవడం వల్లనే 5 నుంచి 11 దాకా ఏ సంఖ్య అయినా మామూలుగా వస్తుంది. ఒక నిర్దిష్టమైన ఐదు మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవకపోయే అవకాశం 0.55ను ఐదుసార్లు హెచ్చిస్తే వస్తుంది: దాదాపు 5 శాతం. తక్కువే అనిపిస్తుంది. కానీ 38 మ్యాచ్‌ల సీజన్‌లో ఎక్కడో ఒకచోట అలాంటి గెలుపులేని ఐదు మ్యాచ్‌ల వరస కనీసం ఒకటి పడే అవకాశం 60 శాతం. అంటే మేనేజర్ ఏ తప్పూ చేయకున్నా, ఆటగాళ్లు ఎవరూ ఢీలాపడకున్నా, సగానికి పైగా సీజన్లలో అభిమానులు "సంక్షోభం" అనే మాట వాడాల్సి వస్తుంది. ఎనుమాముల మార్కెట్‌లో ఒక్క రోజు మిర్చి రేటు చూసి సీజన్ మొత్తం ఎట్లా ఉంటుందో చెప్పే రైతు ఉండడు. ఫుట్‌బాల్ అభిమానులం మాత్రం రోజూ అదే పని చేస్తాం.

అలాగని అంతా అదృష్టం మీదికి నెట్టేయడమూ కుదరదు. రూబెన్ అమోరిమ్ బాధ్యతలు తీసుకునేనాటికి యునైటెడ్ 11 లీగ్ మ్యాచ్‌ల్లో 15 పాయింట్లతో 13వ స్థానంలో ఉంది. సీజన్ ముగిసేసరికి 42 పాయింట్లు, 15వ స్థానం. తీసివేస్తే ఆయన కింద 27 మ్యాచ్‌ల్లో 27 పాయింట్లు. పైన చెప్పిన 1.6 జట్టు 27 మ్యాచ్‌ల్లో సగటున 43 తెస్తుంది. అదే జట్టు కేవలం దురదృష్టం వల్ల 27కు పడిపోవడం నూటికి ఒకసారి జరిగేంత అరుదు. ఐదు మ్యాచ్‌లతో ఏమీ చెప్పలేం, ఇరవై ఏడింటితో చాలా చెప్పగలం. అక్కడ నిజంగానే ఏదో చెడింది. ఏం చెడింది, ఎవరివల్ల చెడింది అన్నది పట్టిక చెప్పదు.

ఎక్స్‌జీ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది

ప్రతి షాట్‌కు అది గోల్ అయ్యే అవకాశాన్ని సున్నా నుంచి ఒకటి మధ్య అంకెగా రాస్తారు. పెనాల్టీ అయితే 0.78 దరిదాపుల్లో, బాక్స్ (గోల్ ముందరి పెనాల్టీ ఏరియా) బయట నుంచి కొట్టిన దూరపు షాట్ అయితే 0.03 లాంటిది. మ్యాచ్‌లో వీటన్నిటి మొత్తమే ఎక్స్‌జీ (ఎక్స్‌పెక్టెడ్ గోల్స్).

ఒక జట్టుకు ఒక పెనాల్టీ, ఆరు దూరపు షాట్లు దక్కాయనుకుందాం: 0.78 + 0.18 = 0.96. ఎదుటి జట్టుకు నాలుగు అవకాశాలు: 0.35, 0.30, 0.25, 0.10. మొత్తం 1.00. అంకెలు దాదాపు సమానం, ఆట మాత్రం సమానం కాదు. మొదటి జట్టు ఆటలోంచి ఏమీ సృష్టించలేదు, పెనాల్టీ రాకపోతే చేతులు ఖాళీ. రెండో జట్టు నాలుగుసార్లు గోల్ ముందుకు వచ్చింది. అయినా ఆ నాలుగూ వృథా అయ్యే అవకాశం 0.65×0.70×0.75×0.90, అంటే 31 శాతం. బాగా ఆడి 0-1తో ఓడటమంటే ఇదే. పది, పన్నెండు మ్యాచ్‌ల సగటు తీసి, పెనాల్టీలను పక్కన పెట్టి చూస్తే ఎక్స్‌జీ అక్కరకొస్తుంది. ఒక్క మ్యాచ్ స్క్రీన్‌షాట్ పెట్టి వాదించేవాళ్లు అది ఎందుకు పుట్టిందో మరిచిపోతున్నారు.

ఒకే పద్ధతి, ఎదుట రకరకాల జట్లు

అసలు విషయం ఇక్కడుంది. "పెద్ద జట్లంటేనే సీరియస్‌గా ఆడతారు" అనేది అందరి నోటా వినిపించే వివరణ. సులువైనది, చాలావరకు తప్పు.

పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్ లిస్బన్‌కు రెండు లీగ్ టైటిళ్లు తెచ్చిన 3-4-2-1 ఫార్మేషన్‌ను (ఆటగాళ్లు నిలబడే తీరును) అమోరిమ్ వెంట తెచ్చుకున్నాడు. అంతకుముందు ఎరిక్ టెన్ హాగ్ కింద ఈ ఆటగాళ్లు ఎక్కువగా 4-2-3-1 ఆడారు. ఫార్మేషన్ అంకెలను వెనక నుంచి ముందుకు చదవాలి, గోల్‌కీపర్‌ను లెక్కించరు. 3-4-2-1లో వెనక ముగ్గురు సెంటర్ బ్యాక్‌లు (నడుమ కాపలా కాసే డిఫెండర్లు). వాళ్ల ముందు నలుగురు: రెండంచుల్లో వింగ్‌బ్యాక్‌లు, నడుమ ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు. ఆపైన ఇద్దరు అటాకింగ్ మిడ్‌ఫీల్డర్లు, ఒక స్ట్రైకర్. బంతి మన దగ్గరుంటే వింగ్‌బ్యాక్‌లు పైకి పోయి ముందు వరసను ఐదుగురిని చేస్తారు. బంతి పోతే వాళ్లే వెనక్కి పడి డిఫెన్స్‌ను ఐదుగురిని చేస్తారు.

ఇప్పుడు ప్రత్యర్థి 4-3-3 ఆడుతోందనుకుందాం. మన ముందు ముగ్గురూ వాళ్ల సెంటర్ బ్యాక్‌లిద్దరినీ, వాళ్ల ముందున్న ఒక మిడ్‌ఫీల్డర్‌నూ కమ్ముకున్నారు. వాళ్ల ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) ఖాళీగా మిగిలాడు. బంతి అతని వైపు బయల్దేరగానే మన వింగ్‌బ్యాక్ ఇరవై మీటర్లకు పైగా ముందుకు ఉరకాలి. అతడు వదిలేసిన చోట వాళ్ల వింగర్ (అంచున ఆడే ఫార్వర్డ్) ఉంటాడు కాబట్టి మన పక్క సెంటర్ బ్యాక్ అంచుకు జరగాలి. మిగతా ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు అతని వెంటే జరిగి నడుమ సందు మూయాలి. మిడ్‌ఫీల్డ్‌లో మనకు ఇద్దరు, వాళ్లకు ముగ్గురు. అవతలి వైపున్న మన అటాకింగ్ మిడ్‌ఫీల్డర్ లోపలికి దిగి మూడో మనిషిని పట్టుకోవాలి. ఇదంతా ఆ పాస్ ప్రయాణించే రెండు సెకన్లలో జరిగిపోవాలి.

ఎవరో ఒకరు అర సెకను ఆలోచించారంటే చాలు. వింగ్‌బ్యాక్ జంకితే ఫుల్‌బ్యాక్ బంతితో హాయిగా ముందుకొస్తాడు. సెంటర్ బ్యాక్ జంకితే వింగర్ తిరిగి మన గోల్ వైపు ముఖం పెడతాడు. అటాకింగ్ మిడ్‌ఫీల్డర్ దిగకపోతే వాళ్ల మూడో మిడ్‌ఫీల్డర్ నడిమధ్యన ఒంటరిగా బంతి అందుకుంటాడు. పద్ధతి అలవాటైన జట్టులో ఎవరూ ఆలోచించరు, కాళ్లే కదులుతాయి. నాలుగు వారాల కిందటిదాకా ఇంకో పద్ధతి ఆడినవాళ్లు ఆలోచించక తప్పదు.

డిసెంబర్ 30న న్యూకాజిల్ మ్యాచ్ దీనికి పాఠ్యపుస్తకంలో పెట్టాల్సిన ఉదాహరణ. యునైటెడ్ మిడ్‌ఫీల్డ్‌లో కాసెమిరో, ఎరిక్సెన్ ఇద్దరే. ఎదుట టొనాలి, గిమారేస్, జోలింటన్ ముగ్గురు, పైగా ముగ్గురూ పరుగెత్తే రకం. 19 నిమిషాలకే 0-2. అమోరిమ్ 33వ నిమిషంలోనే ముందు వరసలోంచి జిర్క్‌జీని తీసేసి మిడ్‌ఫీల్డర్ కోబీ మైనూను దించాల్సి వచ్చింది. ఆ మార్పు తర్వాత ఇంకో గోల్ పడలేదు.

మరి లివర్‌పూల్ దగ్గర ఇదే జట్టు ఎలా నిలబడింది? అక్కడ బంతి ఎక్కువగా వాళ్లదే అవుతుందని ముందే తెలుసు. ఐదుగురు వెనక, నలుగురు ముందు గోడ కట్టి కూర్చుంటే పైన చెప్పిన ఉరుకులేవీ అక్కర్లేదు. కష్టమైన పని తప్పింది. లివర్‌పూల్ పైకి వచ్చినకొద్దీ వెనక ఖాళీ పెరుగుతుంది, అమాద్ లాంటి వేగం ఉన్నవాళ్లకు అదే కావాలి. బోర్న్‌మత్ లెక్క వేరు. వాళ్లు మనం వెనక నుంచి ఆట కట్టేటప్పుడు మీదపడి బంతి గుంజుకుంటారు. సొంత మైదానంలో గోడ కట్టుకుని కూర్చుంటే ప్రేక్షకులు ఊరుకోరు. అంటే కొత్త పద్ధతిలోని కష్టమైన భాగాలన్నీ అక్కడే చేయాలి.

ఇలా చూస్తే "నిలకడలేనితనం" అన్నది చాలావరకు నిలకడే. జట్టు ప్రతి వారం ఒకే పని చేయబోయింది, ప్రతిసారీ ఒకే చోట తడబడింది. మారింది ఎదుటి జట్టు.

యుర్గెన్ క్లాప్ లివర్‌పూల్‌కు మేనేజర్‌గా వచ్చిన 2015 శీతాకాలంలోనూ సరిగ్గా ఇదే కథ. చెల్సీ ఇంట్లో 3-1 గెలుపు, వారం తిరిగేసరికి సొంతగడ్డపై క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో 1-2. సిటీ ఇంట్లో 4-1 గెలుపు, ఆ తర్వాత న్యూకాజిల్‌లో 0-2, వాట్‌ఫర్డ్‌లో 0-3. క్లాప్ ఆట ప్రత్యర్థి బంతిని గుంజుకోవడం మీద నడుస్తుంది. నేల మీద పాస్‌లతో ఆడే చెల్సీ, సిటీల దగ్గర గుంజుకోవడానికి బంతి దొరుకుతుంది. గోల్‌కీపర్ నుంచే పొడుగ్గా తన్నేసే జట్టు దగ్గర దొరకదు.

నెలలో అసలు ప్రాక్టీస్ ఎన్ని రోజులు?

"ప్రాక్టీస్‌లో నేర్పించుకోవచ్చు కదా" అనేది న్యాయమైన ప్రశ్నే. క్యాలెండర్ చూడండి. 2024 డిసెంబర్‌లో యునైటెడ్ మ్యాచ్‌లు 1, 4, 7, 12, 15, 19, 22, 26, 30 తేదీల్లో. మొత్తం తొమ్మిది. మ్యాచ్ మర్నాడు కాళ్లు కోలుకోవడానికే పోతుంది. మ్యాచ్‌కు ముందు రోజు తేలికపాటి కసరత్తు, సెట్‌పీస్‌లు (కార్నర్లు, ఫ్రీకిక్‌లు), ప్రత్యర్థి వీడియో. ఈ రెండూ తీసేస్తే పూర్తిస్థాయి ప్రాక్టీస్‌కు మిగిలినవి 9, 10, 17, 24, 28. ఐదు రోజులు. వాటిలో ఒకటి క్రిస్మస్ ముందు రోజు.

కొత్త ఫార్మేషన్ నేర్పడానికి జులై, ఆగస్టు నెలల ప్రీసీజన్ (లీగ్ మొదలయ్యే ముందరి సన్నాహం) ఎందుకంత విలువైనదో దీన్నిబట్టి అర్థమవుతుంది. అయితే ఈ సాకుకూ గడువుంది. 2025-26లో యునైటెడ్‌కు యూరప్ మ్యాచ్‌లే లేవు, ప్రీసీజన్ పూర్తిగా దొరికింది. అయినా ఆగస్టులోనే లీగ్ కప్‌లో నాలుగో డివిజన్ జట్టు గ్రిమ్స్‌బీ చేతిలో పెనాల్టీల్లో ఓడి ఇంటికొచ్చారు.

కొత్త మేనేజర్ రాగానే వచ్చే ఊపు

దీనికి పక్కా ఉదాహరణ ఓలె గున్నార్ సోల్షేర్. 2018 డిసెంబర్‌లో యునైటెడ్‌కు తాత్కాలిక మేనేజర్‌గా వచ్చి 19 మ్యాచ్‌ల్లో 14 గెలిచాడు. 2019 మార్చి 28న పర్మనెంట్ చేశారు. ఆ సీజన్‌లో మిగిలిన 10 మ్యాచ్‌ల్లో గెలిచినవి రెండే.

మేనేజర్‌ను ఎప్పుడు తీసేస్తారు? వరసగా ఓడినప్పుడు. ఆ వరసలో కొంత దురదృష్టం కూడా కలిసి ఉంటుంది. అది ఎలాగూ ఎప్పటికీ ఉండదు, కాబట్టి ఎవరొచ్చినా తర్వాతి మ్యాచ్‌లు కాస్త మెరుగ్గానే కనిపిస్తాయి. నెదర్లాండ్స్ లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా జరిగిన మార్పులను ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ ఇలాగే పరిశీలించాడు. మేనేజర్‌ను మార్చిన జట్లను, అంతే ఘోరంగా పడిపోయినా మార్చని జట్లతో పోల్చి చూశాడు. మార్చని జట్లూ కోలుకున్నాయి. మార్పు వల్లనే మెరుగయ్యాయని చెప్పే ఆధారం దొరకలేదు.

ఓపిక పడదామనేవాళ్లు, చాలనేవాళ్లు

ఓపికవాదుల చేతిలో మంచి ముక్కలున్నాయి. క్లాప్ మొదటి సీజన్ 60 పాయింట్లతో 8వ స్థానం, మరుసటి ఏడు 76తో 4వది. మికెల్ అర్టెటా కింద ఆర్సెనల్ వరసగా రెండు సీజన్లు 8వ స్థానంలోనే ఆగింది, 2022-23కు 84 పాయింట్లతో రెండో స్థానం. సిటీలో పెప్ గార్డియోలా మొదటి సీజన్‌లో ఒక్క ట్రోఫీ లేదు, రెండో సీజన్‌లో 100 పాయింట్లు.

ఇందులో చిక్కు ఏమిటంటే, ఓపిక పట్టి నష్టపోయిన క్లబ్‌ల పేర్లు ఎవరూ ఉదాహరణకు తీసుకోరు. యాంజె పోస్టెకోగ్లు టోటెన్‌హామ్‌లో మొదటి 10 లీగ్ మ్యాచ్‌ల్లో 26 పాయింట్లతో దూసుకెళ్లాడు. రెండో సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఓడి 17వ స్థానం. అదే సీజన్‌లో యూరోపా లీగ్ గెలిచాడు, అదీ అమోరిమ్ యునైటెడ్‌ను ఫైనల్లో 1-0తో ఓడించి. అయినా తీసేశారు. ఇక అమోరిమ్‌ను 2026 జనవరిలో తప్పించేటప్పటికి యునైటెడ్ ఆరో స్థానంలో ఉంది. పదిహేనులో ఉన్నప్పుడు ఉంచి, ఆరులో ఉన్నప్పుడు పంపారు. మేనేజర్ ఉద్యోగం ఫలితాల మీదే ఆధారపడదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆటగాళ్లకు తగ్గ పద్ధతి ఎంచుకోవాలా, పద్ధతికి తగ్గ ఆటగాళ్లను తెచ్చుకోవాలా అన్న తగువు కూడా ఇందులోనే ఉంది. డబ్బు, రెండు మూడు ట్రాన్స్‌ఫర్ విండోలు (ఆటగాళ్లను కొనుక్కునే గడువులు) ఉన్నవాళ్లకు రెండోది కుదురుతుంది. లేనివాళ్లు మొదటిదే చేయాలి. మన హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ 1962 జకార్తా ఆసియా క్రీడల్లో చేసింది అదే. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో భారత్ 0-2తో ఓడింది. డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన సెమీస్, ఫైనల్లో ఫార్వర్డ్‌గా ఆడించారు. రెండింట్లోనూ జర్నైల్ గోల్ కొట్టాడు, ఫైనల్లో అదే కొరియాపై 2-1తో స్వర్ణం. దేశం జట్టుకు ట్రాన్స్‌ఫర్ విండో ఉండదు కదా.

మేనేజర్ చేతిలో లేనివి

దీనికి దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) పట్టిక అడుగున ఉంది. కోచ్‌గా మానోలో మార్కెజ్ వచ్చాక 5వ స్థానం, ఆ మరుసటి ఏడు 2022 మార్చిలో ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి చాంపియన్. 2023-24కు ఆయన లేడు, జట్టు 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి మళ్లీ అడుక్కు చేరింది. మార్కెజ్ ఎంత గొప్పవాడో చూడండి అనడానికి ఈ అంకెలు బాగా ఉపయోగపడతాయి. కానీ ఆ సీజన్‌లో జీతాల బకాయిలున్నాయి, కొత్త ఆటగాళ్లను రిజిస్టర్ చేయకుండా నిషేధం పడింది, పేరున్న ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆ బెంచీ మీద ఎవరు కూర్చున్నా ఏం చేస్తారు? చివరికి 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది.

తిన్న గోల్స్‌ను విడదీసి చూస్తే

అదృష్టం, పద్ధతి, ప్రాక్టీస్ లోపం, జట్టు నాణ్యత. పట్టికలో నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని కాస్తయినా వేరు చేసేది తిన్న గోల్స్ రకం. ఒక మ్యాచ్‌లో మిడ్‌ఫీల్డ్ ఖాళీ నుంచి, రెండు మ్యాచ్‌ల తర్వాత మళ్లీ అక్కడినుంచే గోల్ పడితే పద్ధతి ఎక్కలేదనే అర్థం. ఆ రకం తగ్గి ఇంకో రకం పెరిగితే, ఓటములు అలాగే ఉన్నా ఏదో కదులుతున్నట్టు.

2024 డిసెంబర్ లీగ్ మ్యాచ్‌ల్లో యునైటెడ్ తిన్నవి 13. ఆర్సెనల్ కొట్టిన రెండూ కార్నర్ల నుంచి. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మొదటి గోల్ కార్నర్ నుంచి హెడర్. బోర్న్‌మత్ మొదటిది ఫ్రీకిక్ నుంచి. వుల్వ్స్ మ్యాచ్‌లో మాథ్యూస్ కున్యా కార్నర్‌ను నేరుగా గోల్‌లోకే వంపు తిప్పాడు. అంతకు వారం ముందు లీగ్ కప్‌లో టోటెన్‌హామ్ తరఫున సన్ హ్యూంగ్-మిన్ కూడా అదే చేశాడు. లీగ్ 13లో కనీసం ఐదు ఇలా సెట్‌పీస్‌ల మీద పడ్డవి. వీటికి 3-4-2-1తో ఏ సంబంధమూ లేదు. కార్నర్ పడేటప్పుడు బాక్స్‌లో ఎలా నిలబడాలన్నది ఫార్మేషన్‌ను బట్టి ఉండదు. గోల్‌కీపర్ ముందు ఎవరు నిల్చోవాలి, మొదటి పోస్టు దగ్గర ఎవరు గెంతాలి అన్నవి మ్యాచ్ ముందు రోజు ఇరవై నిమిషాల్లో చూసుకునే పనులు. ముగ్గురు సెంటర్ బ్యాక్‌లా, నలుగురు డిఫెండర్లా అని నెలంతా నడిచిన కొట్లాటతో ఈ ఐదు గోల్స్‌కు పనే లేదు.